పశువులశాల దగ్గర ఆగి ఉంటే

2010లో వచ్చిన 'ది లాస్ట్ ఎక్సార్సిజం' అనే అమెరికన్ చిత్రాన్ని నేను ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ ఒకేచోట కోపం వచ్చింది. చిత్రం నిడివి 87 నిమిషాలు. అందులో చివరి పది పన్నెండు నిమిషాలు మినహాయిస్తే, దయ్యం వదిలించే కథలలో ఇంత తెలివిగా, ఇంత నిబ్బరంగా నడిచినది నేను మరొకటి చూడలేదు. ఆ చివరి పది పన్నెండు నిమిషాలు మాత్రం అంతవరకు కూడబెట్టిన తెలివినంతా తీసుకుపోయి మంటలో పోస్తాయి. మంట అన్నది ఇక్కడ అలంకారానికి వాడిన మాట కాదు, నిజంగానే అడవిలో పెద్ద మంట ఒకటి వేస్తారు. ముగింపు చెప్పకుండా ముగింపుతో పోట్లాడటం కుదరదు గనుక, ఈ చిత్రం చూడనివారు, చూడాలన్న కోరిక ఉన్నవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

మొదటిసారి చూసినది విశాఖపట్నంలో, పెదవాల్తేరులోని ఒక అద్దె గదిలో. ఆరుగురం ఒక ల్యాప్‌టాప్ చుట్టూ చేరి చూశాం. కరెంటు పోకపోయినా దీపం ఆర్పేశాం, ఆ వయసులో అదొక మర్యాద. చిత్రం అయిపోయాక ఎవరూ భయపడలేదు, అందరూ విసుక్కున్నారు. బీచి రోడ్డు మీద టీ తాగుతుండగా మా గదిలోని అనకాపల్లి కుర్రవాడు ఒక మాట అన్నాడు: "అంతా బాగా నడిపి ఆఖర్న ఎగ్గొట్టేశాడ్రా." అప్పుడు నవ్వి ఊరుకున్నాను కానీ, ఆ తరువాత ఎన్ని సమీక్షలు చదివినా ఆ క్రియాపదానికి సాటి రాగల విమర్శ నాకు దొరకలేదు. ఎగ్గొట్టడమంటే బాకీ ఉండాలి. ఈ చిత్రం మనకు ఏమి బాకీ పడింది, దానిని ఎలా ఎగ్గొట్టింది అన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

దర్శకుడు డేనియల్ స్టామ్. కథ అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో జరుగుతుంది. కాటన్ మార్కస్ అనే పాస్టరు చిన్నతనం నుంచే ప్రసంగాలు చేస్తూ, తండ్రి అడుగుజాడల్లో దయ్యాలు వదిలిస్తూ పెద్దవాడవుతాడు. కొడుకు జబ్బుతో పుట్టినప్పటి నుంచి అతని విశ్వాసం సడలిపోతుంది. భూతవైద్యం పేరుతో ఊపిరాడక ఒక బిడ్డ చనిపోయిన వార్త చదివాక, ఇదంతా మోసమని లోకానికి చూపాలని నిశ్చయించుకొని, ఇద్దరు సభ్యుల డాక్యుమెంటరీ బృందాన్ని వెంటబెట్టుకొని తన ఆఖరి భూతవైద్యానికి బయలుదేరతాడు. ఇది గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. 2003లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో, ఆటిజం ఉన్న ఎనిమిదేళ్ల బాలుడొకడు ఇటువంటి ప్రార్థనలోనే, మీద పెద్దవాడు బరువు మోపగా, ఊపిరాడక చనిపోయాడు.

కాటన్ పాత్రను పాట్రిక్ ఫేబియన్ పోషించిన తీరు ఈ చిత్రానికి ప్రాణం. అతను దొంగస్వామి. అయినా మనకు నచ్చుతాడు, ఎందుకంటే తన దొంగతనాన్ని వంటవాడు కూర రహస్యం చెప్పినంత సరదాగా చెబుతాడు. మాటల ఊపు ఉంటే చాలు, భక్తులు దేనికైనా 'హల్లెలూయ' అంటారని పందెం కాసి, ప్రసంగం మధ్యలో అరటిపండ్ల రొట్టె చేసే విధానాన్ని దూర్చేస్తాడు. భక్తులు అన్నట్టే అంటారు. పొగ వదిలే శిలువ, మంచాన్ని కదిలించే దారాలు, దయ్యం అరుపులు వినిపించే దాచిన స్పీకర్లు, ఒక్కొక్కటే కెమెరాకు చూపిస్తాడు. ఇదంతా ఎందుకు చేశావని అడిగితే అతని దగ్గర జవాబు ఉంది: తమకు దయ్యం పట్టిందని నమ్మినవారికి, అది వదిలిందని నమ్మించడం కూడా ఒక వైద్యమే. ఈ వాదాన్ని మనం తేలికగా కొట్టిపారేయలేము. 2005లో తెలుగునాట కూడా విరగబడి ఆడిన 'చంద్రముఖి'లో మనోవైద్యుడు చేసినది సరిగ్గా ఇదే కదా. విభూతి చల్లి, పొగ వేసి, బొమ్మను మనిషి స్థానంలో ఉంచి, రోగి పగ తీరిందని రోగిని నమ్మించాడు. అక్కడ మనం చప్పట్లు కొట్టాం.

కాటన్‌కు ఉత్తరం రాసినవాడు లూయిస్ స్వీట్జర్ అనే రైతు. భార్యను పోగొట్టుకొని, పిల్లలను బడికి పంపక ఇంట్లోనే ఉంచి, ఊరి చర్చి కూడా తన నిష్ఠకు చాలదని మానేసినవాడు. రాత్రివేళ పశువులు చచ్చిపడుతున్నాయనీ, తన పదహారేళ్ల కూతురు నెల్ బట్టలకు నెత్తురు ఉంటోందనీ, ఆమెలో దయ్యం ఉన్నదనీ అతని నమ్మకం. కాటన్ ఒక పాత పుస్తకం తెరిచి ఆ దయ్యానికి 'అబలం' అని పేరు పెడతాడు. ఆ పేరు నిజంగానే పాశ్చాత్య క్షుద్రగ్రంథాలలో పైమన్ అనే పెద్ద దయ్యానికి పరిచారకుడిగా కనిపిస్తుంది. తెలుగు చెవికి మాత్రం అది మరోలా వినబడుతుంది. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక అబల ఆ పిల్లే కదా అని మొదటిసారి చూసినప్పుడే అనుకున్నాను. దర్శకుడికి తెలియని శ్లేష అది. అయినా చిత్రం మొదటి ముప్పాతిక భాగం ఆ శ్లేషను ఎరిగినట్టే నడుస్తుంది.

మొదటి భూతవైద్యం బూటకం. డబ్బు తీసుకుంటారు, వెళ్లిపోతారు. ఆ రాత్రే నెల్ వారు దిగిన హోటలు గదిలో ప్రత్యక్షమవుతుంది. ఆసుపత్రిలో పరీక్షలు చేయిస్తారు. ఆమె గర్భవతి అని తేలుతుంది. తండ్రి ఆమెను గొలుసుతో కట్టేస్తాడు. ఇక్కడి నుంచి మన మనసులో రెండు కథలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి దయ్యం కథ. రెండవది తల్లి లేని ఇంట్లో, నాలుగు గోడల మధ్య, ఎవరో ఏదో చేసిన పిల్ల కథ. ఏ దృశ్యం చూసినా రెండు కథలకూ సరిపోతుంది. ఆష్లీ బెల్ అనే నటి తన ఒంటిని కంప్యూటరు మాయ ఏదీ లేకుండా విల్లులా వెనక్కి వంచుతుంటే, అది దయ్యం బలమా, తట్టుకోలేనిది తట్టుకోవలసి వచ్చిన శరీరమా అన్నది మనకు తెలియదు. ఈ తెలియకపోవడమే చిత్రం మన దగ్గర చేసిన అప్పు.

ఆ అప్పులో పెద్ద భాగాన్ని చిత్రం ఒక్క దృశ్యంలో అద్భుతంగా తీరుస్తుంది. తండ్రి తుపాకీ పట్టుకొని, నువ్వు దయ్యాన్ని వదిలించకపోతే నేనే దీనిని చంపి ఆత్మను కాపాడతానంటాడు. విధిలేక కాటన్ పశువులశాలలో రెండవ భూతవైద్యం మొదలుపెడతాడు. ఈసారి పొగ శిలువ లేదు, దాచిన స్పీకరు లేదు. నెల్ వేళ్లు ఒక్కొక్కటే విరుచుకుంటుంది. దయ్యం గొంతుతో కాటన్‌ను రెచ్చగొడుతూ ఒక బూతుమాట అంటుంది. ఆ మాటను తప్పు పలుకుతుంది. పెద్దవాళ్లు చాటున అనుకుంటుండగా సగం విన్న పిల్ల, అర్థం పూర్తిగా తెలియకుండానే తనకు తోచిన రూపంలో పలికినట్టు, మాట చివర లేని తోకను తగిలించి పలుకుతుంది. కాటన్ ముఖంలో రంగు మారుతుంది. వేల ఏళ్ల వయసున్న దయ్యానికి, అన్ని పాపాలూ ఎరిగిన దయ్యానికి, వీధిలో ఎవరైనా అనగల ఒక బూతు సరిగ్గా రాదా? ఎదురుగా ఉన్నది దయ్యం కాదు, లోకం తెలియని, భయంతో చితికిన చిన్న పిల్ల అని అతనికి అర్థమవుతుంది.

దయ్యాన్ని శిలువతోనో మంత్రంతోనో కాక, ఒక మాట ఉచ్చారణలోని పొరపాటుతో పట్టుకున్న దృశ్యం మరెక్కడైనా ఉన్నదేమో నాకు తెలియదు. మాటలతో బతికిన మోసగాడు, మాటల మీద తనకున్న చెవి వల్లనే జీవితంలో మొదటిసారి నిజంగా ఒక మనిషిని వింటాడు. అరటిపండ్ల రొట్టె వేళాకోళం నుంచి ఇక్కడిదాకా ఒకే దారం ఉంది. నా దృష్టిలో ఇదే చిత్రానికి పతాక సన్నివేశం.

ఇంతగా ఈ దృశ్యం నన్ను పట్టుకోవడానికి ఒక సొంత కారణం కూడా ఉంది. తొంభైల నడిమి సంవత్సరాలలో, చోడవరం దగ్గరి మా ఊరిలో, మా పెదనాన్నగారి అమ్మాయికి దయ్యం పట్టింది. అక్కకు అప్పుడు పదిహేడేళ్లు. తిండి మానేసింది, రాత్రిపూట పెరట్లోకి వెళ్లి నిలబడేది, ఎవరైనా ముట్టుకుంటే మగగొంతుతో అరిచేది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు, చివరికి భూతవైద్యుణ్ణి పిలిచారు. మిరపకాయల పొగ, వేపమండలు, పసుపు నీళ్లు. నేను దొడ్డమ్మ చీర చెంగు పట్టుకొని చూశాను. అతను అడిగిన మొదటి ప్రశ్న "ఎవరు నువ్వు?" అనే. అక్క ఒక పేరు చెప్పింది. అది ఆ ముందటేడు మా వీధి బావిలో శవమై తేలిన కోడలి పేరు. మిరపకాయల పొగకు దగ్గుతున్నవాళ్లు కూడా దగ్గు మానేశారు. ఆమె ఎందుకు చనిపోయిందో వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. ఆ మాట అనడానికి అక్క నోరు కావలసి వచ్చింది. దయ్యం పచ్చ గాజులు, జాకెట్టు గుడ్డ అడిగింది. ఇచ్చారు. వెళ్తానని మాట ఇచ్చి వెళ్లింది. ఆరు నెలలకు మళ్లీ వచ్చింది.

మన భాషలో దయ్యం మనిషిని 'పడుతుంది', మళ్లీ తానే 'వదులుతుంది'. వాక్యంలో కర్త ఎప్పుడూ దయ్యమే. అందుకే మన పల్లెల భూతవైద్యం యుద్ధం కన్నా పంచాయతీకి దగ్గరగా ఉంటుంది. నువ్వెవరు, నీకేమి కావాలి, ఏమి ఇస్తే వెళ్తావు అన్నవి అందులో తప్పని మూడు ప్రశ్నలు. దయ్యానికి ఊరుంది, ఇంటిపేరుంది, తీరని బాధ ఉంది, చాలాసార్లు అది మన చుట్టమే. అమ్మవారి పండుగలో పూనకం వచ్చిన మనిషి కూడా అదే విధంగా వణుకుతుంది, అదే విధంగా జుట్టు విరబోసుకుంటుంది. ఆమెను మాత్రం కొట్టరు, కాళ్లు కడిగి ప్రశ్నలడుగుతారు, హారతి ఇచ్చి శాంతింపజేస్తారు. వచ్చినది ఎవరు, ఎందుకు వచ్చింది అన్న సంబంధం తేలాక గానీ ఏది చేయాలో తేలదు. నేను ఈ ఆచారాలను సమర్థించడం లేదు. అక్క వీపు మీది వాతలు నాకు గుర్తున్నాయి. కథ చెప్పేవాడు ఈ ఆచారాల నుంచి నేర్చుకోవలసినది ఒకటి ఉందని మాత్రమే అంటున్నాను: దయ్యానికీ, అది పట్టిన మనిషికీ మధ్య సంబంధం చెప్పకుండా ఆ కథను ముగించలేము.

పశువులశాల దృశ్యం తరువాత చిత్రం ఆ సంబంధాన్ని వెదుకుతున్నట్టే కనిపిస్తుంది. సిగ్గుతో కుంగిపోయిన నెల్, లోగన్ అనే కుర్రవాడితో తనకు సంబంధం ఉన్నదని ఒప్పుకుంటుంది. ఊరి పాస్టరు మ్యాన్లీ వచ్చి కుటుంబాన్ని తన రెక్కల కిందికి తీసుకుంటాడు. బృందం తిరుగుప్రయాణంలో లోగన్ పనిచేసే హోటలు దగ్గర ఆగి అతనిని అడుగుతుంది. అతను తనకు ఆడపిల్లల మీద ఆసక్తే లేదనీ, ఆ పిల్లను ఒక్కసారి, అదీ మ్యాన్లీ ఇంట్లో జరిగిన విందులో, కొద్దిసేపు చూశాననీ చెబుతాడు. ఇది బ్రహ్మాండమైన మలుపు. నెల్ అబద్ధం చెప్పింది, అంటే ఎవరినో కాపాడుతోంది, లేదా ఎవరికో భయపడుతోంది. కారు వెనక్కి తిరుగుతుంది. నా గుండె వేగం పెరిగింది. ఇప్పుడు ఎవరో ఒకరు ఆ పిల్లను కూర్చోబెట్టి, ఏమైందమ్మా అని అడుగుతారనుకున్నాను.

అక్కడికి వెళ్లేసరికి ఇంటి గోడల నిండా క్షుద్రచిహ్నాలు. అడవిలో మంట. ముసుగులు వేసుకున్న గుంపు, దాని నాయకుడు పాస్టరు మ్యాన్లీ. లూయిస్‌ను కట్టేశారు. బలిపీఠం మీద నెల్ మనిషి పోలిక లేని బిడ్డను కంటుంది. ఆ బిడ్డను మంటలో వేయగానే మంట ఆకాశానికి లేచి గర్జిస్తుంది. కాటన్ శిలువ పట్టుకొని మంట వైపు నడుస్తాడు. డాక్యుమెంటరీ బృందంలోని దర్శకురాలు ఐరిస్‌ను నరికేస్తారు, ఆ బృందం కెమెరామాన్ డేనియల్ తలను నెల్ అన్న కేలబ్ తెగేస్తాడు. కెమెరా నేల మీద పడుతుంది. అయిపోయింది.

ఈ ముగింపును సమర్థించేవారు చెప్పే మొదటి మాట, ఇది ముందే సూచించబడింది అన్నది. నిజమే. నెల్ గీసిన బొమ్మలలో పెద్ద మంట ముందు శిలువతో నిలబడిన కాటన్ ఉంటాడు, ముక్కలైన ఐరిస్ ఉంటుంది, తల లేని డేనియల్ ఉంటాడు. కానీ ఆ బొమ్మలు చెప్పినది ఏమి జరుగుతుందో మాత్రమే. ఎందుకు జరుగుతుందో చెప్పవలసిన పని కథది. రైలు ఫలానా వేళకు వస్తుందని బోర్డు మీద రాసి ఉన్నంత మాత్రాన, మనం ఎక్కవలసిన రైలు అదే అయిపోదు.

రెండవ సమర్థన మరింత తెలివైనది. దయ్యం నిజంగానే ఉంది, పశువులశాలలో మాట తప్పు పలికి కాటన్‌ను అదే మోసం చేసింది, గర్వంతో తాను గెలిచాననుకొని వెళ్లిపోయేలా చేసింది అంటారు. ఈ వాదం ఒకటి రెండు రోజులు నన్ను ఊగిసలాడించింది. దయ్యం మోసకారి కావచ్చు. అయితే బృందం వెళ్లిపోతే మ్యాన్లీ గుంపుకు లాభం గానీ, వాళ్లు అక్కడికి రావడమే గుంపుకు అక్కర లేదు. ఉత్తరం రాసినది లూయిస్. తన పని తాను చేసుకుపోతున్న దయ్యం, తనను లెక్కచేయని ఒక అవిశ్వాసి పాస్టరును అంత శ్రమపడి ఎందుకు ఆడించినట్టు? చిత్రం ఈ ప్రశ్నను ఎత్తనే ఎత్తదు. ప్రేక్షకుడు చిత్రం తరఫున అల్లిన కథను చిత్రం ఖాతాలో వేయలేము.

మూడవది, ఇది భయానక చిత్రం, ఇందులో దయ్యం ఉండకపోతే ఎలా అన్న మాట. ఇక్కడ నన్ను అపార్థం చేసుకోవద్దు. నేను హేతువాద ముగింపును కోరడం లేదు. దయ్యం నిజమని తేలినా నాకు అభ్యంతరం లేదు. 1973 నాటి 'ది ఎక్సార్సిస్ట్'లో దయ్యం నిజమే. కానీ అక్కడ ఫాదర్ కరాస్ దయ్యాన్ని తన ఒంట్లోకి పిలిచి కిటికీలోంచి దూకడానికి వెనక, తల్లిని చివరి రోజులలో ఒంటరిగా వదిలేశానన్న అతని కుమిలిపాటు మొదటి నుంచీ ఉంది. అంత పకడ్బందీ ముగింపు కూడా కొందరికి దయ్యం గెలిచినట్టు తోచిందని రచయిత విలియం పీటర్ బ్లాటీ బాధపడ్డాడు. 2000లో విడుదల చేసిన రూపంలో చివర మరొక సంభాషణను చేర్చారు. ముగింపు అంటే అంత పట్టింపు ఉండాలి. ఇక్కడ అబలానికీ నెల్‌కూ సంబంధమేమిటి? ఏమీ లేదు. దొరికింది గనుక వాడుకున్నారు. మంటలోంచి లేచిన ఆ గర్జనకు ఊరు లేదు, పేరు ఉన్నా అది కాటన్ పుస్తకంలోంచి తీసి పెట్టినదే. మా వీధి బావి కోడలి ముందు అది ఎంత బక్కచిక్కిన దయ్యమో!

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. ఈ ముగింపు ఎవరెవరిని నిర్దోషులుగా వదిలేస్తుందో చూడండి. కూతురిని గొలుసుతో కట్టేసిన తండ్రి చెప్పినదంతా చివరికి నిజమని తేలుతుంది. ఆమె ఒంట్లో ఉన్నది దయ్యపు బిడ్డే. లోకాన్ని నమ్మరాదన్న అతని మొండితనమూ సరైనదే, ఊరి చర్చిని అనుమానించడమూ సరైనదే. ఆసుపత్రికి తీసుకుపోదామన్నవారు తెలివితక్కువవారు. ఆ ఇంట్లో ఏమి జరిగింది అన్న ప్రశ్న 75 నిమిషాలుగా మన గొంతులో అడ్డంపడి ఉంటే, ముసుగుల గుంపు ఒకటి వచ్చి దానిని మింగేస్తుంది. ముసుగు వేసుకున్న దుర్మార్గుడిని చూపితే, ముసుగు లేనివాళ్లందరూ ఊపిరి పీల్చుకుంటారు.

గొలుసు విషయం తేలికగా తీసుకోగలిగినది కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, నమ్మకాల మీద నడిచే ఒక ఆశ్రయంలో నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల పారిపోలేక 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ రోగిని గొలుసులతో కట్టరాదని ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. మన ఉత్తరాంధ్రలో చిల్లంగి పెట్టారన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ పత్రికల జిల్లా పేజీలలో వస్తూనే ఉంటాయి. భయానక చిత్రం సంఘసంస్కరణ చేయాలని నేననను. చేస్తే చూడలేము కూడా. అయితే ఈ చిత్రం గొలుసును తనంతట తానే తెర మీదికి తెచ్చింది, బిడ్డ చావు వార్తతో తనంతట తానే కథ మొదలుపెట్టింది. మొదట ఎత్తిన బరువును చివర దించవలసిన బాధ్యత ఎత్తినవారిదే.

ఇటువంటి నిజమైన కథను ముగించడం సాధ్యమేనా అంటే, సాధ్యమే. జర్మనీలో అన్నెలీసె మిషెల్ అనే యువతి 67 సార్లు భూతవైద్యం జరిగిన తరువాత 1976 జూలై 1న, తిండీ నీరూ లేక ఎండిపోయి, 23వ ఏట మరణించింది. 1978లో కోర్టు ఆమె తల్లిదండ్రులనూ ఇద్దరు ఫాదరీలనూ దోషులుగా తేల్చింది. ఆ ఉదంతం ఆధారంగా 2005లో వచ్చిన 'ది ఎక్సార్సిజం ఆఫ్ ఎమిలీ రోజ్' చిత్రం కథను న్యాయస్థానంలో నడిపింది. దయ్యం ఉన్నదనుకునేవారిని అనుకోనిస్తూనే, ఆ పిల్ల చావుకు జవాబుదారీ ఎవరు అన్న ప్రశ్నను మాత్రం చివరిదాకా బోనులోనే నిలబెట్టింది. చిత్రంగా అది నాకు అంత గొప్పగా తోచదు, 'లాస్ట్ ఎక్సార్సిజం'లోని నటన ముందు ఎక్కడా నిలవదు. అయినా తన బాకీ తాను తీర్చింది. మరోవైపు 2012 నాటి 'ది డెవిల్ ఇన్‌సైడ్' ఉంది. అది కారు గుద్దుకోవడంతో హఠాత్తుగా ఆగిపోయి, మిగతాది ఫలానా వెబ్‌సైటులో చూసుకోండని తెర మీద రాసింది. దాని గురించి ఇంతకన్నా మాట్లాడటం అనవసరం.

రూపం విషయంలోనూ ముగింపు తడబడుతుంది. ఇది డాక్యుమెంటరీ బృందం తీసిన దృశ్యాలుగా మనకు చూపుతున్న చిత్రం. తీసినవాళ్లు చనిపోయారు, కెమెరా గుంపు చేతిలో పడింది. మరి కూర్పు ఎవరు చేశారు? నేపథ్య సంగీతం ఎవరు కలిపారు? పశువులశాల వరకు ఈ సందేహం రాదు, ఎందుకంటే ఐరిస్ బతికి ఉంది, చిత్రాన్ని ఆమె పూర్తి చేస్తుందనుకుంటాం. చివరి దృశ్యంతో ఆ అనుకోలు కూలిపోయి, అంతకుముందరి ప్రతి కత్తిరింపూ అబద్ధమవుతుంది. ఇది చిన్న తప్పేనని నాకు తెలుసు. కథ మనల్ని పట్టుకొని ఉంటే కనిపించేది కాదు.

అలాగని ఆ పది నిమిషాలలో నేను దాచుకున్నది ఏమీ లేదని అనలేను. విశ్వాసం పోయిన మనిషి, పొగ వదిలే శిలువతో జీవితమంతా నెట్టుకొచ్చిన మనిషి, ఆఖరికి మామూలు శిలువను పట్టుకొని, ఎవరూ చూడకపోయినా, మంట వైపు అడుగు వేయడం మంచి ఊహ. ఆ అడుగు నెల్ వైపు వేసి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. మంటకు ఎదురు నిలవడం వీరత్వం. ఆ ఇంటి తలుపు తట్టి, తుపాకీ ఉన్న తండ్రి ముందు ఆ పిల్లతో మాట్లాడటం అంతకన్నా కష్టమైన పని, అంతకన్నా భయం పుట్టించే దృశ్యం కూడా. నేనే రచయితనైతే లోగన్ మాటలు విన్న తరువాత కారును వెనక్కి తిప్పి, చీకట్లో ఆ ఇంటి దీపం కనిపించేచోట ఆపేసేవాణ్ణి. తలుపు తెరుచుకుంటుంది. తెరిచినది ఎవరో కనిపించకముందే తెర నల్లబడుతుంది. మనం ఇంటికి వెళ్లాక కూడా ఆ తలుపు ముందే నిలబడి ఉంటాం.

18 లక్షల డాలర్ల ఖర్చుతో తీసిన ఈ చిత్రం 6 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది గనుక, నిర్మాతలకు నా కూర్పుతో పని లేదు. అయితే విడుదలనాడు అమెరికా థియేటర్ల దగ్గర ప్రేక్షకుల అభిప్రాయం అడిగే సినిమాస్కోర్ సంస్థకు వచ్చిన సగటు గ్రేడు 'డి'. విమర్శకులు చాలామంది మెచ్చిన చిత్రానికి డబ్బిచ్చి చూసినవాళ్లు అంత తక్కువ వేయడానికి కారణం భయం చాలకపోవడం అయి ఉండదని నా నమ్మకం. మా అనకాపల్లి కుర్రవాడి మాటే వాళ్లూ తమ భాషలో అని ఉంటారు.

నాలుగోసారి ఈ చిత్రాన్ని ఈ మధ్యనే, గాజువాకలో అక్క ఇంట్లో చూశాను. ఆమె కథ ఎలా ముగిసిందో చెప్పనేలేదు. దయ్యం రెండవసారి వచ్చినప్పుడు పెదనాన్న ఆమెను చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తీసుకొచ్చారు. అక్కడి డాక్టరు కూడా మొదట ఆ బావి గురించే అడిగారట. శవాన్ని పైకి తీస్తున్నప్పుడు తాను గట్టు మీదే ఉన్నానని అక్క మొదటిసారి ఆయనకే చెప్పింది. మందులు రెండేళ్లు వాడింది. ఒక్కరోజులో ఏదీ వదిలిపోలేదు. ఎప్పుడు తగ్గిందో ఆమెకే తెలియదు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, దయ్యం సినిమాలంటే ఇంట్లో అందరికన్నా ముందు కూర్చుంటుంది.

ఇంగ్లిషు మాటలను నేను తెలుగులో చెబుతూ చూపించాను. పశువులశాలలో నెల్ మాట తప్పు పలకగానే, నేను వివరించకముందే, "అది దయ్యం కాదురా, పిల్లే" అంది. మంట లేచినప్పుడు మాట్లాడలేదు. తెర నల్లబడ్డాక కాసేపు చూసి, "మరి ఆ పిల్లేటయ్యింది?" అని అడిగింది. ఇందులో చూపించలేదని, 2013లో రెండవ భాగం వచ్చిందని, అందులో ఉంటుందని చెప్పాను.

"రెండోదెందుకు? దీన్లోనే చెప్పాల కదా," అని టీ గ్లాసులు తీసుకొని లోపలికి వెళ్లింది.